బీరువా తలుపు లోపలి కాగితం

"నాన్నా, ఆమెను అడుగు, నా నీలం చున్నీ యాడ పెట్టిందో."

'ఆమె' అంటే విశ్వాసమ్మ. కన్నతల్లి. మూడడుగుల దూరంలో పొయ్యి ముందు కూర్చుని దోసె తిరగేస్తోంది.

తింటున్న ఏసురాజు తలెత్తి ఒకసారి కూతురి వైపు, ఒకసారి భార్య వైపు చూశాడు. ఆదివారం నుంచి ఈ ఇంట్లో ఆయనది ఇదే ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు.

"మే, పాప నీలం చున్నీ యాడుండాదని అడుగుతాండాది."

"ఇనపడింది. నాకింకా చెవుడు రాలేదు. దండెం మీద ఉండాదని చెప్పు."

"దండెం మీద ఉండాదంట పాపా."

"నాకూ ఇనపడింది నాన్నా."

జీవిత చున్నీ తీసి మెడలో వేసుకుంది. పళ్ళెంలో దోసె సగం తిని సగం వదిలేసింది. చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని, చేను గట్టు దాకా నడకకు బయల్దేరింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. తనతో ఏదైనా అంటుందేమోనని విశ్వాసమ్మ అట్లకాడ పట్టుకుని అలాగే ఉండిపోయింది. జీవిత చెప్పులో ఇరుక్కున్న రాయి దులుపుకుని వెళ్ళిపోయింది.

"మాడిపోతాండాది మే," అన్నాడు ఏసురాజు.

"మాడనీ. నువ్వైనా గట్టిగా చెప్పగూడదా? సోమవారానికి హాస్టల్లో ల్యాకపోతే హాజరు చాలదు, పరీక్ష రాయనియ్యమని వార్డెన్ మేడం ఫోన్ జేసి చెప్పలేదా? ఈ పొద్దు శుక్రవారం."

"చెప్పినా. 'పోను నాన్నా' అనింది. ఎందుకు పోవు అంటే, 'మన గుడి మైకు కడప దాకా ఇనపడింది' అనింది. ఇంక నేనేం మాట్లాడేది?"

విశ్వాసమ్మ మాడిన దోసెను పెనం మీంచి గీకింది. మైకు మాట వచ్చినప్పుడల్లా ఆమె నోరు పడిపోతోంది.

మైకులో చదివింది పాస్టరు భార్య రాహేలమ్మ. రాసింది మాత్రం విశ్వాసమ్మే. వాళ్ళ గుడి తలుపు పక్కన ఒక చెక్కపెట్టె ఉంటుంది. ప్రార్థన కావలసినవాళ్ళు చీటీ రాసి అందులో వేస్తారు. ఆదివారం ఆరాధనలో రాహేలమ్మ ఒక్కొక్కటే తీసి చదువుతుంది. ఒక సహోదరి మోకాళ్ళ నొప్పి కోసం, ఒక సహోదరుడి బోరులో నీళ్ళ కోసం. పేర్లు చాలామంది రాయరు. ఎవరి మోకాలో, ఎవరి బోరో ఊరందరికీ ముందే తెలుసు గనక ఆ అవసరమూ లేదు. కానీ విశ్వాసమ్మ ఏ పనైనా అరకొరగా చేసే మనిషి కాదు. ఇంతమంది సహోదరీలు అడుగుతుంటే, పేరూ ఊరూ లేని చీటీ ఎవరిదని దేవుడు మాత్రం వెతుక్కుంటాడు అనుకుంది. అందుకే, తమ పాప జీవిత కడపలో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతోందనీ, మనసు బాగలేక హాస్టల్ నుంచి ఇంటికొచ్చిందనీ, పళ్ళు తోముకోవడానికీ తల దువ్వుకోవడానికీ కూడా కాగితం రాసి పెట్టుకుని చూసుకుంటోందనీ, ప్రభువు బాగుచేయాలనీ వివరంగా రాసింది. బిడ్డ పేరుకు ముందు ఇంటిపేరు కూడా చేర్చింది.

మామూలుగా అయితే రాహేలమ్మ ఆ పేరు దాటేసి చదివేది. ఈ ఊరికొచ్చిన పదకొండేళ్ళలో అలా ఎన్ని పేర్లు దాటేసిందో ఆమెకే తెలియాలి. ఆ రోజు మాత్రం మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా వదలకుండా చదివింది. గుడి కప్పు మీద పెద్ద స్పీకరు ఉంది. మైదుకూరు రోడ్డు మీద బస్సు కోసం నిలబడినవాళ్ళక్కూడా వాక్యం వినపడాలని పెట్టించినది. ఆ ఆదివారం వాళ్ళకు వాక్యంతో పాటు జీవిత పళ్ళపొడి సంగతి కూడా వినపడింది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో జరిగిన రభస మళ్ళీ చెప్పుకోవడం దండగ. అరిచినదంతా విశ్వాసమ్మే. జీవిత ఒక్కటే మాట అంది. "నీకు మాత్రమే చెప్పినా మా." అంతే. తల్లితో ఆ తర్వాత మాటల్లేవు.

సోమవారం నుంచి ఇంటికి జనం వరస కట్టారు. ఒకామె ప్రార్థన చేయించిన నూనె సీసా ఇచ్చిపోయింది. ఇంకొకామె నంద్యాలలో మంచి పిల్లోడున్నాడు, పెళ్ళయితే అన్నీ అవే సర్దుకుంటాయంది. ఒక పెద్దాయన సెల్‌ఫోన్ తీసుకెళ్ళి బావిలో పడేయమని చెప్పాడు. ఆయన ఆ మాట చెబుతుండగా ఆయన జేబులోనే ఫోన్ మోగింది. అందరికీ విశ్వాసమ్మ టీ పెట్టింది. గ్లాసులు కడుగుతూ, తాను దేవుడికి రాసిన ఉత్తరానికి జవాబులు ఇలా వస్తున్నాయేమిటా అని కుమిలిపోయింది.

జీవిత నడక నుంచి రావడానికి అరగంట పడుతుంది. ఏసురాజు కల్లం వైపు వెళ్ళగానే విశ్వాసమ్మ చేతులు తుడుచుకుని లోపలి గదిలోకి నడిచింది. చేయకూడని పని అని తెలుసు. తెలిసీ ఐదు రోజులుగా చేస్తోంది.

ఆమెకు పుట్టుకతో వచ్చిన గుణం అది. తెలియనిది ఒకటుంటే కాలు నిలవదు. పక్కింట్లో కుక్కరు ఎన్ని విజిళ్ళు వేసిందో లెక్కపెట్టి, వాళ్ళింటికి చుట్టాలొచ్చారో లేదో చెప్పగలదు. అలాంటి మనిషి, స్కూల్లో ఎప్పుడూ ఫస్టు వచ్చిన తన పిల్ల పళ్ళు తోముకోవడానికి కాగితం చూసుకుంటుంటే ఎట్లా ఊరుకుంటుంది?

బీరువా తెరిచింది. కాగితం తలుపు లోపలివైపు అంటించి ఉంది. ఎడమపక్క పనులు, కుడిపక్క రోజుకొక గడి. చేసిన పనికి టిక్కు. లేచి పక్క సర్దడం, పళ్ళు తోముకోవడం, రెండు చెంబుల నీళ్ళు తాగడం, స్నానం, తల దువ్వుకోవడం, కాస్త నడక, రెండు పూటలా తినడం. అన్నిటికంటే కింద 'ఒక మనిషితో పది నిమిషాలు మాట్లాడాలి' అని ఉంది. అందరూ చేసేవే. రాసుకోవడానికి ఇందులో ఏముందని మొదటిరోజు విశ్వాసమ్మకు నవ్వొచ్చింది.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. పోయిన శనివారం దాకా గడుల నిండా టిక్కులున్నాయి. ఆదివారం నుంచి పలచబడ్డాయి. ముందు మాట్లాడడం పోయింది. మంగళవారానికి తల దువ్వుకోవడం పోయింది. బుధవారం నీళ్ళకూ నడకకూ తప్ప దేనికీ లేదు. తాను రాసిన నాలుగు ముక్కల చీటీ తన బిడ్డను రోజుకింత చొప్పున తినేస్తోందని ఆ గడులు చూస్తే తెలిసిపోతోంది. తప్పు తనదేనని విశ్వాసమ్మకు తెలుసు. ఎవరికి చెప్పుకుంటే ఆ బరువు తగ్గుతుందో మాత్రం తెలియదు. చెప్పుకోబోయే కదా ఇంత చేసింది.

నిన్నటి గడి చూసింది. చూసి, కళ్ళు చిట్లించి మళ్ళీ చూసింది.

గురువారం. మాట్లాడాలి అన్నచోట టిక్కు ఉంది. కాగితానికి గుంట పడేలా గట్టిగా పెట్టిన టిక్కు.

ఎవరితో?

*

కల్లంలో ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఎండబోసి ఉన్నాయి. ఏసురాజు కర్రతో తిరగేస్తున్నాడు. విశ్వాసమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏమయ్యా, నిన్న పాప నీతో పది నిమిషాలు మాట్లాడిందా?"

"పది నిమిషాలా!" ఏసురాజు కర్ర ఆనించి ఆలోచించాడు. "పొద్దున 'చార్జర్ యాడుండాది నాన్నా' అనింది. మాపటికి 'రోంత జరుగు నాన్నా' అనింది. రెండూ కలిపినా అర నిమిషం గాదు. యాలకు?"

"ఊరికే."

"నువ్వు ఊరికే అడిగే మనిషివి గాదే."

విశ్వాసమ్మ అప్పటికే సుబ్బక్క ఇంటి వైపు సగం దూరం వెళ్ళిపోయింది. సుబ్బక్క మగ్గం నేస్తుంది. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే ఆమె తల కిటికీ ఎత్తుకు కూడా రాదు. అయినా వీధిలో ఏం జరిగినా ఆమెకే ముందు తెలుస్తుంది.

"మీ పాపనా? నేను పలకరిస్తే తలకాయ ఊపింది, అంతే," అంది సుబ్బక్క మగ్గం నాడె ఆపకుండానే. "నిన్న నాలుగింటప్పుడు పోగు తెగితే లేచినా. మీ గుడి ఎనకకు పోతాంది, పాస్టరమ్మ ఇంటికాడికి. ఆ మొగం సూస్తే కొట్లాటకు పోతాన్నట్టు ఉండాది."

"మళ్ళా ఎప్పుడొచ్చింది?"

"అది సూళ్ళేదు. నాకు గూడా పని ఉంటాది గదా మే."

విశ్వాసమ్మ ఇంటిదారి పట్టింది. నిజమే, కొట్లాటకే పోయి ఉంటుంది. మైకులో పేరు చదివిన మనిషి మీద కోపం ఉండదా? కానీ కొట్లాటను మాట్లాడడం కింద లెక్కేసి టిక్కు పెట్టుకుంటుందా? అయినా అంత పోట్లాట జరిగితే నిన్ననే ఊరంతా పాకి ఉండాలే. పాకలేదంటే లోపల ఇంకేదో ఉంది. నాలుగయ్యేదాకా ఆమెకు ఏ పనీ చేతికి రాలేదు. నాలుగింటికి జీవిత మళ్ళీ చున్నీ సర్దుకుని బయటికి వెళ్ళింది. పావుగంట ఆగి, కొత్త పసుపు డబ్బా ఒకటి చేతిలో పట్టుకుని విశ్వాసమ్మ కూడా బయల్దేరింది. పాస్టరు అమ్మగారికి కొత్త పసుపు ఇచ్చి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

పాస్టరు గారి ఇంటి ముందు తలుపు వేసి ఉంది. బండి లేదు, అంటే ఆయన ఊళ్ళో లేడు. పెరటి తలుపు ఓరగా తీసి ఉంది. పిలుద్దామని నోరు తెరిచిన విశ్వాసమ్మ, లోపలి దృశ్యం చూసి అక్కడే ఆగిపోయింది.

రాహేలమ్మ చిన్న పీట మీద కూర్చుని ఉంది. నెత్తి మీద ముసుగు లేదు. ఆమెను ముసుగు లేకుండా విశ్వాసమ్మ ఈ పదకొండేళ్ళలో చూడలేదు. ఎప్పుడూ గంజి పెట్టిన తెల్లచీర, నుదుటి దాకా లాగిన కొంగు. ఇప్పుడు ఆ కొంగు భుజాల మీద ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది అనడానికి కూడా లేదు. మెడ వెనక ఒక్క ముద్దగా ఉండ కట్టి, దూదేకులవాళ్ళు పారేసిన పాత దూదిలా ఉంది. వెనకాల ముక్కాలిపీట వేసుకుని జీవిత కూర్చుంది. చేతికంతా కొబ్బరినూనె. ఒక్కో పాయను కుదుళ్ళ దగ్గర పట్టుకుని, కొసల నుంచి పైకి చిక్కు తీస్తోంది.

"నొప్పెడతాందా అమ్మగారూ?"

"లేదమ్మా. తియ్యి."

జీవిత ఇంకో పాయ చేతిలోకి తీసుకుంది.

"ఎన్ని దినాలైంది ఇట్ల?"

"క్రిస్మస్ ముందు నుంచి. ముసుగు ఏసుకుంటే ఎవురికి తెలుస్తాది? పొద్దున్నే లేసి గుడి ఊడుస్తా, పాటలు పాడతా, చీటీలు సదువుతా. ఇంటికొచ్చి పండుకుంటా. దువ్వెన ఆ గూట్లోనే ఉండాది. సూస్తానే ఉంటా. తీసుకోను." రాహేలమ్మ గొంతు సన్నగా ఉంది, మైకులో వినపడే గొంతే కాదు అది. "ఆదివారం మీయమ్మ చీటీ తీసినప్పుడు, మొదటి ముక్క సదవంగానే నా గురించి ఎవురో రాసినారని బయపడినా జీవితా. నా పేరు యాడుందో అని ఎతుక్కుంటా సదివినా. నీ పేరు కనపడింది. నేను గాదులే అని ఒక్కసారి పానం లేసొచ్చి, ఆ పేరు గట్టిగా సదివేసినా. సదివినాక తెలిసింది ఏం జేసినానో. నన్ను క్షమించమ్మా."

"నిన్న తిట్టేదానికే వచ్చినా నేను," అంది జీవిత. "మీరు తలుపు తీసినప్పుడు కొంగు జారింది. తిట్లన్నీ మర్చిపోయినా."

ఇద్దరూ నవ్వారు. విశ్వాసమ్మకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక్కి అడుగు వేయబోయింది. అప్పుడే జీవిత దువ్వెన తుడుచుకోవడానికి తల పక్కకు తిప్పింది. తల్లీ కూతురూ ఒకరినొకరు చూసుకున్నారు. తల మళ్ళీ రాహేలమ్మ జుట్టు వైపు తిప్పుకుంది. విశ్వాసమ్మ పసుపు డబ్బా చేత్తో పట్టుకుని ఎలా వచ్చిందో అలా ఇంటికి వెళ్ళిపోయింది.

*

జీవిత చీకటి పడకముందే వచ్చింది. తిన్నగా వంటింట్లోకి వచ్చి తల్లి ఎదురుగా నిలబడింది.

"చూసినావు గదా?"

ఆరో రోజున ఆ నోటి నుంచి తనకోసం వచ్చిన మొదటి మాట. విశ్వాసమ్మకు ఏడుపూ వచ్చింది, భయమూ వేసింది.

"చూసినా."

"ఈసారి చీటీలో ఏం రాస్తావు?"

"అట్ల అనొద్దమ్మీ."

"ఎట్ల అనాల? ఇంటిపేరు గూడా రాసినావు గదా మా! నేను మూడు నెలలు ఎవరికీ చెప్పుకోలేక, హాస్టల్లో దుప్పటి కప్పుకొని పడుకుని, డాక్టరుకు కాక నీకొక్కదానికి చెప్పినా. నువ్వు మైదుకూరు బస్సుకు చెప్పినావు. మా క్లాసులో ఈ పక్కూళ్ళ పిల్లోళ్ళు ముగ్గురు ఉండారు. ఆదివారం రాత్రికే నా ఫోనుకు మెసేజిలు వచ్చినాయి. 'పళ్ళు తోమినావా?' అని."

విశ్వాసమ్మ పొయ్యి ఆర్పేసింది. ఆమెకు ఆ సంగతి తెలియదు.

"తప్పే. నాకు తెలిసిన ఆస్పత్రి అదొక్కటేనే. జరమొస్తే ఆ పెట్టెలోనే ఏసినా, మీ నాయనకు కాలిరిగితే అండ్లోనే ఏసినా. నీకైతే ఏమైందో గూడా నాకు అర్థం గాల్యా. అర్థం గానిదాన్ని ఎవరికి చెప్పల్ల?"

జీవిత తల్లి ముందు నేల మీద చతికిలబడింది. విశ్వాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎన్ని రోజులుగానో కడుపులో తిరుగుతున్న మాట అడిగేసింది.

"ఒక్కటి చెప్పు. కోప్పడొద్దు. పళ్ళు తోముకునేదానికి కాగితం ఎందుకే?"

జీవిత గోటితో నేల గీకింది.

"లేస్తాను మా. మంచం మీద కూర్చుంటాను. బ్రష్షు యాడుందో తెలుసు. లేసి ఆరడుగులు పోతే వస్తాది. ఆ ఆరడుగులు పోబుద్ధి గాదు. బద్దకం గాదు, బద్దకమైతే హాయిగా ఉంటాది గదా, ఇది హాయిగా ఉండదు. పోయి ఏం జేసేది అనిపిస్తాది. అట్లే కూర్చుంటే మధ్యాహ్నం అవుతాది. క్లాసు పోతాది. నేనెందుకూ పనికిరాను అనిపిస్తాది. డాక్టరు శివజ్యోతి మేడం ఏం చెప్పిందంటే, మొత్తం దినం గురించి ఆలోచించొద్దు, బ్రష్షు గురించి మాత్రమే ఆలోచించు, చేసినాక ఒక గీత పెట్టు అనింది. గీత కోసం లేస్తాను. అంతే."

"గీత కోసమా?"

"ఊ. నీకు నవ్వొస్తాది."

"నాకు రాలేదే," అంది విశ్వాసమ్మ. నిజంగానే రాలేదు. ఆ ఆరడుగులు ఆమెకూ తెలుసు. ఈ పిల్ల పుట్టిన ఏడాది తాను కూడా గోడకు చేరగిలబడి, పాప ఏడుస్తున్నా లేవకుండా కూర్చున్న రోజులు ఉన్నాయి. వాటిని అత్తగారు పొగరు అంది. తనూ అదే అనుకుంది. ఆ మాట ఇప్పుడు బిడ్డతో చెప్పాలనిపించింది కానీ, ఎలా మొదలుపెట్టాలో తెలియక ఊరుకుంది. జీవితే మళ్ళీ మాట్లాడింది.

"రేపు శనివారం. మేడం కడపలో క్లినిక్కులో ఉంటాది. అమ్మగారిని తీసుకపోతాండా. ఆమె ప్రొద్దుటూరులో వాళ్ళక్క ఇంటికి పోతానని అయ్యగారికి చెప్తాది."

"ఆయనకు చెప్పదా?"

"విశ్వాసం ఉండేవాళ్ళకు దిగులుండదని ప్రతి వారం మైకులో చెప్పేది ఆయనే గదా మా. ఆమె ఏ మొగం పెట్టుకుని చెప్తాది?" జీవిత తల్లి ముఖంలోకి చూసింది. "ఎవరికీ చెప్పొద్దు. నాన్నకు గూడా. ఎవరడిగినా."

"చెప్పను."

"నువ్వు ఊరికే అంటావు, నీ నోట్లో మాట నిలవదు. నీకు తెలిసిపోయింది గనక అడుగుతాండా. ఇది గూడా బయటికి పోతే ఆమె ఇంక తలుపే తియ్యదు. నేను గూడా యాడికీ పోలేను, హాస్టల్‌కూ పోను, ఎవరితోనూ ఏమీ చెప్పను. ఒక్క మాటన్నా నీ దగ్గర నిలిచిందంటే సోమవారం బస్సెక్కుతా."

"చెప్పనంటాండా గదే. ఎవరడిగినా," అంది విశ్వాసమ్మ.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఏసురాజు యథాప్రకారం "మే, పాప చారు అడుగుతాండాది" అన్నాడు. "ఆ పిల్లకు నోరుంది, అదే అడుగుతాది," అంది విశ్వాసమ్మ. "చారు పొయ్యి మా," అంది జీవిత. ఏసురాజు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తన ఉద్యోగం పోయిందని తెలుసుకుని, ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు. ఏం జరిగిందని రెండుసార్లు అడిగాడు. విశ్వాసమ్మ పెదవులు బిగించుకుంది. పెళ్ళయిన ఇరవైఆరేళ్ళలో ఆమెకు అంత కష్టమైన పూట ఇంకోటి లేదు.

*

శనివారం మధ్యాహ్నం మూడింటికి కల్లం పక్కన బండి ఆగింది. పాస్టరు వసంతకుమార్ దిగాడు. చేతిలో బైబిలు లేదు. చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో ఉంది. ఏసురాజు "వందనాలయ్యా" అంటే తల ఊపాడు కానీ కళ్ళు విశ్వాసమ్మ మీదే ఉన్నాయి.

"అక్కా, మా ఇంటామె ప్రొద్దుటూరు పోతానని పొద్దున్నే పోయింది. వాళ్ళక్కకు ఫోన్ జేస్తే రాలేదంటాంది. ఈమె ఫోన్ ఆపేసుండాది. మీ పాపతో కలిసి కడప బస్సు ఎక్కిందని స్టాపు కాడ చెప్పినారు. పాపకు నాలుగుసార్లు చేసినా, ఎత్తదు. నీకేమన్నా తెలుసా?"

విశ్వాసమ్మ పసుపు కొమ్ముల వైపు చూసింది. తెలియదు అంటే సరిపోతుంది. కానీ ఆ మనిషి ముందు అబద్ధం చెప్పడానికి నాలుక తిరగలేదు.

"తెలుసయ్యా," అంది. "చెప్పను."

ఏసురాజు చేతిలో కర్ర జారి కింద పడింది. చెప్పను అనే మాట భార్యకు వచ్చునని ఆయనకు ఆ క్షణం దాకా తెలియదు.

"అట్ల అంటావేందే? పాస్టరయ్య అడుగుతాండాడు!"

"అడగనీ."

"నేను ఆమె భర్తను అక్కా," అన్నాడు వసంతకుమార్.

"అవునయ్యా. మాటిచ్చినా. చెప్పేదానికి ల్యా."

"అయితే పోలీసు స్టేషన్‌కు పొమ్మంటావా?"

"పోవద్దయ్యా. ఆమె క్షేమంగా ఉండాది. ఆరు గంటల బస్సుకు వస్తాది. అంతకంటే నా నోట్లోంచి ఇంకొక మాట రాదు." విశ్వాసమ్మకు లోపల ఎక్కడో గర్వంగా ఉంది. చూడవే జీవితా, మీ అమ్మ నోట్లో మాట ఎట్లా నిలిచిందో అనుకుంది.

వసంతకుమార్ పసుపు పరిచిన పట్ట అంచున అలాగే కూర్చుండిపోయాడు. తెల్ల ప్యాంటుకు పసుపు అంటుతోందని ఏసురాజు చెప్పబోయి ఊరుకున్నాడు.

"నేను ఇంటికి పోయేసరికి గోడ వైపు తిరిగి పండుకోనుంటాది," అన్నాడు పాస్టరు, ఎవరితోనో అన్నట్టు. "దుప్పటి కప్పి వస్తా. ఏమైందని అడగలేదు అక్కా. మూడు నెలలైంది, ఒక్క దినం గూడా అడగలేదు. అడిగితే చెప్తాదేమో అని బయం. చెప్తే నేనేం జెయ్యల్ల? ఊరందరికీ చెప్పేదే ఆమెకు గూడా చెప్పల్ల. అది ఆమెకు పనికిరాదని నాకు తెలుసు." చేతులతో ముఖం తుడుచుకున్నాడు. "యాడికి పోయిందో చెప్పొద్దులే. ఒక్కటి చెప్పు చాలు. ఆమె తల దువ్వుకునిందా?"

విశ్వాసమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"దువ్వుకునిందయ్యా," అంది విశ్వాసమ్మ. "మా పాప రెండు దినాలు కూర్చుని ఒక్కొక్క చిక్కే తీసింది. ఒక్క ఎంట్రుక గూడా కత్తిరించనియ్యలేదు. నూనె పెట్టి జడేసింది. పొద్దున బస్సెక్కేటప్పుడు ముసుగు ల్యాకుండానే పోయిందయ్యా, నేను సూసినా. ఆ డాక్టరమ్మ మంచిదంట, మా పాపకు ఎంత..."

అక్కడ ఆగింది. ఆగేసరికే అయిపోయింది.

వసంతకుమార్ లేచి నిలబడ్డాడు. ఆయన కళ్ళ నిండా నీళ్ళున్నాయి, ముఖంలో మాత్రం కోపం లేదు. "డాక్టరు కాడికా," అన్నాడు మెల్లగా. బండి దగ్గరకు నడిచాడు. "ఆరు గంటల బస్సు గదా. స్టాపు కాడికి నేనే పోతా."

"అయ్యా, పోవద్దయ్యా! మీకు తెలిసినట్టు ఆమెకు..." విశ్వాసమ్మ పట్ట మీది పసుపు తొక్కుకుంటూ పరుగెత్తింది. బండి అప్పటికే మలుపు తిరిగింది.

ఏసురాజు ఏదో అడుగుతున్నాడు. ఆమెకు వినపడలేదు. కొంగులో ముడివేసుకున్న ఫోన్ తీసి, పసుపు వేళ్ళతో కూతురి నంబరు నొక్కింది. పాస్టరయ్య నాలుగుసార్లు చేస్తే ఎత్తని పిల్ల, తల్లి ఫోన్ మొదటి రింగుకే ఎత్తింది.

"చెప్పు మా," అంది జీవిత. ఎన్నాళ్ళ తర్వాతో ఆ గొంతు తేలిగ్గా ఉంది. వెనకాల బస్సు హారన్లు, రాహేలమ్మ దేనికో నవ్వుతున్న చప్పుడు. "మేము క్లినిక్కు కాడి నుంచి బయల్దేరినాం. ఎవరన్నా అడిగినారా?"